హనుమకొండలో తమ్ముడికి తక్కువ కిరాయి రూమ్ కావాలంటే: ముందు హాస్టల్ సీటు, తర్వాతే టులెట్ బోర్డు

చెల్లె, మీరు అడిగింది నాకు అర్థమైన మేరకు ఇదీ. తమ్ముడికి దోస్త్‌లో, అంటే డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో, హనుమకొండలో బీఎస్సీ సీటు వచ్చింది. ఊరు ఏటూరునాగారం దగ్గర, నాన్నది వ్యవసాయం, బీసీ కుటుంబం. అన్నీ కలిపి నెలకు 6,000 రూపాయలకు మించి పంపలేరు. తక్కువ కిరాయికి రూమ్ ఎక్కడ దొరుకుతుంది, కిరాయికి ప్రభుత్వం నుంచి ఏమైనా సాయం ఉంటుందా అని అడిగారు.

నేను 2008లో కేయూలో (కాకతీయ యూనివర్సిటీ) పీజీ చేయడానికి వచ్చి, తొమ్మిదేళ్లలో ఐదు రూములు మారాను. ఇప్పుడు ఇక్కడే ఇల్లు కట్టుకుని, పైన రెండు రూములు చదువుకునే పిల్లలకే కిరాయికి ఇస్తున్నాను. కిరాయికి ఉన్నప్పటి బాధ తెలుసు, ఓనర్ ఏం చూసి రూమ్ ఇస్తాడో కూడా తెలుసు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపికగా చదవండి.

ముందు సాయం సంగతి చెప్తాను, ఎందుకంటే దాన్ని బట్టే అసలు రూమ్ అవసరమా లేదా అనేది తేలుతుంది. కిరాయి కోసం అని విడిగా చేతికి డబ్బులిచ్చే పథకం మన దగ్గర డిగ్రీ పిల్లలకు లేదు. ఉన్నవి రెండు. ఒకటి ప్రభుత్వ హాస్టల్, రెండోది ఈపాస్ అనే ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లో వచ్చే ఎంటీఎఫ్. చాలామంది ఫీజు రీయింబర్స్‌మెంట్ ఒక్కటే అనుకుంటారు. ఈపాస్‌లో రెండు భాగాలుంటాయి. ఆర్టీఎఫ్ అంటే కాలేజీ ఫీజు, ఎంటీఎఫ్ అంటే పిల్లవాడి తిండికీ ఉండడానికీ ఇచ్చేది. బీసీ, ఈబీసీలకు కుటుంబ ఆదాయం పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. హాజరు 75 శాతం ఉండాలి. ఇంట్లో ఉండి కాలేజీకి వచ్చే పిల్లవాడికి ఒక రేటు, హాస్టల్లో ఉండేవాడికి ఇంకో రేటు ఉంటుంది కాబట్టి, దరఖాస్తులో డే స్కాలరా హాస్టలరా అన్న గడి నింపేటప్పుడు ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయి చేతికి వదిలేయకండి, పక్కనే కూర్చుని నింపించండి. తొందరలో అందరికీ డే స్కాలర్ అని కొట్టేస్తుంటారు.

ఇంకో మాట. ఆ డబ్బు నెలనెలా రాదు. బడ్జెట్ విడుదలైనప్పుడు ఒకేసారి పడుతుంది, ఒక్కోసారి చదివే సంవత్సరం దాటిపోయాక పడుతుంది. దాన్ని నమ్ముకుని ఓనర్‌కు కిరాయి మాటివ్వొద్దు. వచ్చినప్పుడు పరీక్ష ఫీజుకో, అప్పు తీర్చడానికో పనికొస్తుంది.

హాస్టల్ మాత్రం అలా కాదు, అది వెంటనే అందే సాయం. బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ శాఖలకు కాలేజీ పిల్లల కోసం వేరే హాస్టళ్లు ఉన్నాయి, స్కూల్ పిల్లల హాస్టళ్లు వేరు. పడకా తిండీ ఉచితం. 2024 నవంబరులో ప్రభుత్వం తాను భరించే మెస్ చార్జీలు పెంచి, ఇంటర్ నుంచి పీజీ దాకా ఒక్కో విద్యార్థికి నెలకు 2,100 చేసింది. తిండి అన్ని హాస్టళ్లలో ఒకేలా ఉండదు, వార్డెన్‌ను బట్టి ఉంటుంది. నేను అబద్ధం చెప్పను, కొన్నిచోట్ల గదికి ఎక్కువ మందే ఉంటారు, పొద్దున బాత్రూముల దగ్గర లైను ఉంటుంది. అయినా మీ నాన్న నెలకు 6,000 పంపడానికి ఎంత కష్టపడాలో మీకు తెలుసు కదా. హాస్టల్ సీటు దొరికితే ఆ ఖర్చు వెయ్యి, పదిహేను వందల దగ్గర ఆగుతుంది. సుబేదారిలో కలెక్టరేట్ ఉంది, అక్కడికి వెళ్లి బీసీ సంక్షేమ శాఖ వాళ్లను ఏ హాస్టల్లో ఎన్ని ఖాళీలున్నాయో అడగండి. ఫోన్‌లో కాదు, మనిషి వెళ్లాలి. అక్కడి నుంచి నేరుగా ఆ హాస్టల్‌కు పోయి వార్డెన్‌తో మాట్లాడండి, అక్కడుండే పిల్లలతో ఇంకా ఎక్కువ సేపు మాట్లాడండి. మొదటి నెలలో సీటు లేదన్నా వదలొద్దు. సీట్లు తీసుకుని రానివాళ్లు, మధ్యలో కాలేజీ మారేవాళ్లు ఉంటారు, దసరా సెలవుల తర్వాత ఖాళీలు తేలుతాయి. కేయూ క్యాంపస్‌లో హాస్టళ్లు వేరు, అవి అక్కడ చదివేవాళ్లకే.

కుల సంఘాల హాస్టళ్లు కూడా అడగండి. కొన్ని పూర్తి ఉచితం కాకపోయినా బయట రూముకంటే చాలా తక్కువ తీసుకుంటాయి. మీ ఊరి సంఘం పెద్దను అడిగితే హనుమకొండలో ఎవరిని కలవాలో చెప్తాడు, ఒక ఉత్తరం ముక్క రాసిచ్చినా అక్కడ విలువుంటుంది.

ఇవేవీ కుదరకపోతే రూమ్. ఇక్కడ అందరూ చేసే తప్పు సీటు రాగానే పరుగెత్తుకొచ్చి అడ్వాన్స్ కట్టేయడం. దోస్త్‌లో ఫేజులుంటాయి. మొదటి ఫేజులో నైమ్‌నగర్ వైపు కాలేజీ వచ్చి, తర్వాతి ఫేజులో దేశాయిపేట వైపు కాలేజీకి మారితే, కట్టిన అడ్వాన్స్ వెనక్కి రావడం కష్టం. సీటు ఖాయమయ్యాకే చేతిలో డబ్బు పెట్టండి. అప్పటిదాకా చూసి రావడమే.

ఎప్పుడు చూడాలంటే, ఆషాఢంలో చూడండి. ఆషాఢంలో కుటుంబాలు ఇళ్లు మారరు, పాలు పొంగించరు. అంతకుముందు ఖాళీ అయిన పోర్షన్లు శ్రావణం దాకా అట్లనే ఉంటాయి, ఓనర్‌కు నెల కిరాయి పోతున్న బాధ ఉంటుంది. సాధారణంగా ఇది జూన్, జూలైలలో పడుతుంది, అంటే కాలేజీలు మొదలయ్యే సమయమే. చదువుకునే పిల్లలకు ఆషాఢం పట్టింపు లేదు కాబట్టి, అప్పుడు అడిగితే ఐదొందలు తగ్గించే ఓనర్లు ఉంటారు. నా రెండో రూమ్ నేనట్లాగే పట్టాను.

ఎక్కడ అంటే, ముందు కాలేజీ ఎటువైపో చూసుకోవాలి. కేయూ క్రాస్ రోడ్, నైమ్‌నగర్, కిషన్‌పుర చుట్టూ కాలేజీలు, కోచింగ్‌లు, మెస్‌లు అన్నీ ఉంటాయి కాబట్టి కిరాయి కూడా అట్లనే ఉంటుంది. అక్కడి నుంచి కాస్త లోపలికి గోపాల్‌పూర్, ఇంకా ముందుకు భీమారం, హసన్‌పర్తి వైపు పోతే అదే సైజు రూమ్ తక్కువకు వస్తుంది, కరీంనగర్ రోడ్డు కాబట్టి బస్సులు, ఆటోలు దొరుకుతాయి. సుబేదారి ఆర్ట్స్ కాలేజీ అయితే వడ్డేపల్లి, కాజీపేట ఫాతిమానగర్ వైపు చూడొచ్చు. కాలేజీ వరంగల్ వైపు, దేశాయిపేటలోనో ములుగు రోడ్డులోనో ఉంటే హనుమకొండలో రూమే వద్దు, శివనగర్, కరీమాబాద్, కాశిబుగ్గలో పాత ఇళ్ల పోర్షన్లు చూడండి. పైగా మీరు ఏటూరునాగారం నుంచి వచ్చేవాళ్లు, శనివారం ఊరికి బస్సు ఎక్కడానికి ములుగు రోడ్డు దగ్గరుంటే పిల్లవాడికి సుఖం.

వానల సంగతి మాత్రం తప్పకుండా చూడండి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో ఈ ఊరు ఎట్లా మునిగిందో మేం కళ్లారా చూశాం. నైమ్‌నగర్ నాలా పక్క కాలనీలు, సమ్మయ్యనగర్, హంటర్ రోడ్డు వైపు బొందివాగు ఒడ్డు కాలనీలు, ఎన్టీఆర్ నగర్, ఇళ్లల్లోకి నీళ్లొచ్చాయి. పిల్లల సర్టిఫికెట్లు, పుస్తకాలు తడిసిపోయాయి. అక్కడ కిందిఅంతస్తు రూమ్ చౌకగా వస్తుంటే ఎందుకు చౌకో ఆలోచించండి. ఓనర్‌ను అడిగితే మా ఇంట్లోకి రాలేదనే అంటాడు. మూల మీద కిరాణా దుకాణం ఆమెను అడగండి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తుంది. రూమ్ తీసుకున్నా ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఊళ్లోనే ఉంచండి, ఇక్కడ జిరాక్సులు చాలు.

పైన రేకుల రూమ్ కూడా తక్కువకు ఇస్తారు. వానాకాలంలో చూస్తే చల్లగా, గాలి బాగా ఉన్నట్టే అనిపిస్తుంది. మార్చి నుంచి పగలు లోపల కూర్చోలేరు, సెమిస్టర్ పరీక్షలు వచ్చేది అప్పుడే. నేను ఒక ఎండాకాలం అంతా లైబ్రరీ మూసేదాకా అక్కడే ఉండి, రాత్రి డాబా మీద పడుకున్నాను. మీ తమ్ముడిని అందులో పెట్టొద్దని నా మనవి.

ఇక కరెంటు. దీని గురించి ఎవరూ చెప్పరు, డబ్బు పోయేది ఇక్కడే. మన రాష్ట్రంలో 2022 నుంచి ఉన్న ఇళ్ల టారిఫ్ ప్రకారం, నెలకు 100 యూనిట్ల లోపు వాడే మీటరుకు మొదటి 50 యూనిట్లు ఒక్కోటి 1.95, తర్వాతవి 3.10. అదే మీటరు 200 దాటితే మొదటి 200 యూనిట్లకే 5.10 పడుతుంది, ఆపైన 300 దాకా 7.70. ఇప్పుడు ఒక రూములో ఇద్దరు పిల్లలు ఫ్యాను, లైటు, రైస్ కుక్కర్ కలిపి 60 యూనిట్లు వాడారనుకోండి. ఆ రూముకు సొంత మీటరుంటే యూనిట్ల చార్జీ 128.50 మాత్రమే. ఐదు రూములకు కలిపి ఒకే మీటరుంటే మొత్తం 300 యూనిట్లు, 1,790 రూపాయలు, రూముకు 358. అదే 60 యూనిట్లకు దాదాపు మూడింతలు. ఇక సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు 10 తీసుకునే ఓనర్ దగ్గరైతే 600. అంటే 4,000 కిరాయి అని చెప్పిన రూమ్ నిజానికి 4,600. ఫిక్స్‌డ్ చార్జీల్లాంటివి వీటికి అదనం. అందుకే కిరాయి ఎంత అని అడగగానే రెండో ప్రశ్న మీటరు వేరేనా అని అడగండి, పోయిన నెల బిల్లు చూపించమనండి. చూపించడానికి ఇబ్బంది పడే ఓనర్ దగ్గర మున్ముందు కూడా ఇబ్బందే.

గృహజ్యోతి గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నా. 2024 నుంచి 200 యూనిట్ల లోపు వాడే తెల్లకార్డు కుటుంబాలకు జీరో బిల్లు వస్తోంది, కిరాయిదార్లకూ వర్తిస్తుంది. కాకపోతే ఒక రేషన్ కార్డుకు ఒకే మీటరు. మీ కార్డు మీద ఊళ్లో ఇంటికే అది వస్తుంటుంది కాబట్టి తమ్ముడి రూముకు రాదు. ఆ రూమ్ మీటరుకు ఓనర్ కార్డు మీద ఇప్పటికే జీరో బిల్లు వస్తుంటే మాత్రం, మీ దగ్గర యూనిట్ లెక్కన డబ్బు తీసుకోవడం న్యాయం కాదు, మర్యాదగానే మాట్లాడండి.

పిల్లలకు రూమ్ ఇవ్వం, ఫ్యామిలీకే అనే మాట పది ఇళ్లలో వింటారు. ఓనర్‌గా చెప్తున్నా, మా భయాలు రెండే. రాత్రి గోల, కిరాయి ఆలస్యం. తమ్ముడిని ఒంటరిగా పంపితే ఇవ్వని ఇల్లు, నాన్న వెంట వస్తే ఇస్తారు. నాన్న రాలేకపోతే మీరు రండి. కాలేజీ బోనఫైడ్, ఆధార్ జిరాక్స్ చేతిలో పెట్టుకోండి, మా నాన్న నంబర్ ఇది, ఏదున్నా ఫోన్ చేయండి అని చెప్పండి. అప్పటికే అక్కడుండి ఖాళీ చేస్తున్న సీనియర్ చెప్తే ఇంకా సులువు. మా ఇంట్లో చాలా ఏళ్లుగా టులెట్ బోర్డు పెట్టలేదు, వెళ్లే పిల్లవాడే తన ఊరివాడినో జూనియర్‌నో తీసుకొస్తాడు. మంచి రూములు ఇట్లా చేతులు మారతాయి కాబట్టి, కాలేజీ మొదటి వారం సీనియర్లతో పరిచయాలు పెంచుకోమని తమ్ముడికి చెప్పండి. బ్రోకర్‌కు ఒక నెల కిరాయి ఇచ్చే అవసరం సింగిల్ రూముకు లేదు. ఫోన్‌లో ఫోటోలు పంపి, ముందు టోకెన్ కొట్టండి, ఇంకొకరు తీసుకుంటున్నారు అనేవాళ్లకు ఒక్క రూపాయి కూడా పంపొద్దు. పొరపాటున పంపితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

కొన్ని ఇళ్లలో మీరేమోళ్లు అని కులం అడుగుతారు. ఇది రాయడానికి నాకు బాధగా ఉంది, కానీ దాచి లాభం లేదు. నన్ను అడిగారు, ఆ ప్రశ్న తర్వాత రూమ్ లేదన్నారు కూడా. అట్లాంటి చోట కులం మార్చి చెప్పి చేరిన స్నేహితుడు ఒకడు రోజూ భయంతో బతికాడు, ఆరు నెలలకే ఖాళీ చేశాడు. తమ్ముడికి ముందే చెప్పి ఉంచండి, తప్పు అడిగినవాళ్లది, తనది కాదు, ఇంకో గల్లీలో రూమ్ ఉంటుంది. నీసు వండొద్దు అనే షరతు ఉంటే కూడా చేరకముందే తెలుసుకోండి, తర్వాత గొడవ వద్దు.

అడ్వాన్స్ దగ్గర నేను దెబ్బ తిన్నాను. మూడో రూమ్ ఖాళీ చేసేటప్పుడు 3,000 అడ్వాన్స్ రంగులకు, తలుపు గడియకు అయిపోయిందన్నారు. ఆ గడియ నేను చేరినప్పుడే ఊడి ఉంది. నిరూపించడానికి నా దగ్గర కాగితం లేదు, ఫోటో లేదు. అప్పుడు నెలంతా నా తిండి ఖర్చు అంత ఉండేది. కాబట్టి సామాను దించకముందే గోడలు, కిటికీలు, నల్లా, స్విచ్ బోర్డు అన్నీ వీడియో తీసి ఓనర్ వాట్సాప్‌కే పంపండి, అంకుల్ మేం చేరేటప్పుడు ఇట్లా ఉంది అని ఒక లైన్ రాసి. కిరాయి ఎంత, ఏ తేదీలోపు, అడ్వాన్స్ ఎంత, ఖాళీ చేసే ముందు ఎన్ని రోజులు చెప్పాలి, కరెంటు ఎట్లా, నీళ్లు ఎట్లా, ఈ సంగతులన్నీ అదే మెసేజ్‌లో రాసి సరేనా అని అడగండి. సింగిల్ రూముకు అగ్రిమెంట్ రాసే ఓనర్లు తక్కువ, రాస్తే 11 నెలలకే రాస్తారు. ఏడాదికి మించితే రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి కాబట్టి అట్లా రాస్తారు, అందులో మోసమేం లేదు. అగ్రిమెంట్ లేకపోయినా నెలవారీ కిరాయిదారును ఖాళీ చేయించడానికి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 15 రోజుల నోటీసు ఇవ్వాలి, రేపే వెళ్లిపో అంటే చెల్లదు. కిరాయి ఎప్పుడూ ఫోన్‌పే చేయండి, జూలై కిరాయి అని నోట్ రాయండి.

నీళ్ల గురించి ఒక్కటే ప్రశ్న, ఎండాకాలంలో బోరు పోస్తుందా. అది కూడా అక్కడుండే పిల్లలనే అడగాలి.

ఇప్పుడు 6,000 సరిపోతుందా అంటే, సరిపోతుంది, ఇద్దరు కలిసి ఉంటే. మా పై రూములో ఉండే ఇద్దరి పోయిన నెల లెక్క చెప్తాను. కిరాయి 3,600, మనిషికి 1,800. కరెంటు మనిషికి 180, అందులో బిల్లు కంటే నేను ఎక్కువ తీసుకోను. అన్నం రూములోనే వండుకుంటారు, రెండు పూటలా కర్రీ పాయింట్ నుంచి కూర, 1,500. పొద్దున టిఫిన్ 900. సబ్బులు, రీచార్జి, జిరాక్సులు 500. మొత్తం 4,880. ఇందులో బియ్యం లేవు, చూడండి. బియ్యం ఇద్దరూ ఊరి నుంచే తెచ్చుకుంటారు. 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు, మీ కార్డులో తమ్ముడి వంతు 6 కిలోలు ఎట్లాగూ వస్తాయి, ఊరికి వచ్చినప్పుడల్లా మూట కట్టి పంపండి. మూడు పూటలా మెస్‌లో తింటే మాత్రం ఈ లెక్క నిలబడదు. ఒంటరిగా రూమ్ తీసుకుంటే కూడా నిలబడదు. తోడు ఎవరో చూసుకోవడం రూమ్ కంటే ముఖ్యం. రూమ్మేట్ మధ్యలో వెళ్లిపోతే మొత్తం కిరాయి మీ మీద పడుతుంది, అందుకే అదే కాలేజీలో అదే సంవత్సరం పిల్లవాడైతే మంచిది.

ఇది చదివే ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఉచితం కాబట్టి, ములుగు, పరకాల, నర్సంపేట దూరంలో ఉన్నవాళ్లు మొదటి సెమిస్టర్ ఇంటి నుంచే వచ్చిపోయి చూడండి. జమ్మికుంట, జనగామ, మహబూబాబాద్ వైపు అబ్బాయిలైతే రైలు సీజన్ టికెట్ లెక్క వేసుకోండి, రూమ్ కిరాయితో పోలిస్తే చాలా తక్కువ. మీ ఊరికి ఇవి రెండూ కుదరవు, దూరం ఎక్కువ.

చెల్లె, తమ్ముడి ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఏ తేదీది ఉందో ముందు చూడండి. పాతదైతే రేపు పొద్దునే మీసేవలో కొత్తదానికి పెట్టండి, హాస్టల్‌కూ ఈపాస్‌కూ అదే కావాలి, అడ్మిషన్ల టైములో తహసీల్దార్ ఆఫీసులో రద్దీ పెరిగి ఆలస్యమవుతుంది. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు అయిందో లేదో కూడా అదే రోజు బ్యాంకులో కనుక్కోండి. ఆ తర్వాత ఒక పనిరోజు తమ్ముడిని తీసుకుని పొద్దున బస్సుకు వచ్చేయండి, మధ్యాహ్నం లోపు కలెక్టరేట్, హాస్టల్ చూసుకుని, సాయంత్రం రూములు చూడొచ్చు. కాలేజీ పేరు ఇక్కడ రాస్తే ఏ గల్లీల్లో అడగాలో చెప్తాను.